ఇల్లు చెప్పవలెనా, బడి చెప్పవలెనా?

ఎనిమిదవ తరగతి జీవశాస్త్రములో కౌమారదశను గూర్చిన పాఠమొకటి కలదు. పదవ తరగతిలో ప్రత్యుత్పత్తిని గూర్చిన పాఠము కలదు. అవి అచ్చుపడిన పాఠములు. వానిపై పరీక్షలో ప్రశ్నలు కూడ రావచ్చును. అయినను ఆ పుట వచ్చునప్పటికి ఉపాధ్యాయుని కంఠము తగ్గుట, "ఇది మీరు ఇంటి దగ్గర చదువుకొనండి" అని పుట త్రిప్పివేయుట తెలుగు బడులలో క్రొత్త విషయము కాదు. ఇంటి దగ్గర అడిగినచో, "అవన్నీ బడిలో చెప్పుదురులే" అను సమాధానము వచ్చును. ఎవరైన సాహసించి బడిలో చెప్పబోయినచో, "మా పిల్లలకు ఇవా నేర్పునది?" అని ఆ ఇంటివారే తగవునకు వత్తురు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అను సామెత ఇంతకంటె చక్కగా అన్వయించు సందర్భము అరుదు.

శరీర ధర్మములను, స్త్రీ పురుష సంబంధమును గూర్చి పిల్లలకు చెప్పవలసిన బాధ్యత ఎవరిది? ఈ తగవు తెలుగునాటికి మాత్రమే చెందినది కాదు. ధనములోను, విద్యలోను ముందున్న అమెరికాలో సైతము ఇది తెగలేదు. తెగని తగవు హాస్యమునకు మంచి ముడిసరకు గనుక అక్కడి హాస్యకారులు దీనిని విడిచిపెట్టలేదు.

బొమ్మలలోని బడి

ట్రే పార్కర్, మాట్ స్టోన్ అను ఇరువురు మిత్రులు కల్పించిన 'సౌత్ పార్క్' అను కార్టూను హాస్య ధారావాహిక 1997లో అమెరికా టెలివిజనులో ప్రారంభమైనది. అందులో నడచునవి పిల్లల బొమ్మలే గాని అది పిల్లల కొరకు తీసినది కాదు. దాని భాష మొరటు, వ్యంగ్యము ములుకు. 2001 ఆగస్టు 1వ తేదీన ప్రసారమైన ఒక భాగములో ఈ లైంగిక విద్యా వివాదమే ఇతివృత్తము.

కథ సులభమైనది. నాలుగవ తరగతి చదువు బాలురు తెలియనితనము వలన చేసిన ఒక వెకిలి పని పెద్దల కంట పడును. అది ఎందుకు తప్పో చెప్పుటకు తల్లిదండ్రులకు నోరు రాదు. తాము చెప్పలేని దానిని బడి చెప్పవలెనని వారందరు చేరి పట్టుపట్టుదురు. బడి ఒప్పుకొనును. బాలురకు చెప్పవలసిన మాష్టరు ఆ సంగతులను తానే మరచినవాడు. బాలికలకు చెప్పవలసిన ఉపాధ్యాయిని రోగముల పేర్లు ఏకరువు పెట్టి వారిని హడలగొట్టును. ఫలితముగ, బాలురు సమీపించినంత మాత్రముననే రోగము అంటుకొనునని బాలికలు నమ్ముదురు. ఇరు పక్షముల నడుమ కోటలు, ముట్టడులు, యుద్ధము సాగును. పెద్దలు చెప్పిన సగము మాట పిల్లల చేతిలో పూర్తి భయముగా మారిన తీరు ఇందలి హాస్యము.

కథ చివర ఆ బడి వంటవాడు పెద్దలకు బుద్ధి చెప్పును. ఇది మనస్సుకు, ఆత్మకు సంబంధించిన విషయమనియు, కుటుంబమే దీనిని నేర్పవలెననియు, బడికి వదలినచో నేర్పువాడు ఎవడో తెలియదనియు అతని వాదము. నేర్పువాడు విషయము తెలియనివాడు కావచ్చును. విషయమును ఏవగించుకొనువాడు కావచ్చును. దుర్బుద్ధి గలవాడును కావచ్చును. ఈ మూడు భయములను ఆ వంటవాడు పెద్దల ముందుంచును.

ఇదే వివాదమును మరియొక కార్టూను ధారావాహిక వేరొక విధముగ చూపినది. 'కింగ్ ఆఫ్ ది హిల్' అనునది టెక్సాసు రాష్ట్రములోని ఒక కల్పిత పట్టణపు కథ. 1997 జనవరిలో ప్రసారమైన దాని రెండవ భాగములో పెగ్గీ హిల్ అను గృహిణి, తాత్కాలిక ఉపాధ్యాయిని, ఈ పాఠము చెప్పవలసి వచ్చును. ఆ మాటలు ఆమె నోట పలుకవు. ఆమె తల్లియు ఆమెకు చెప్పియుండలేదు. పలుకుట అభ్యసించి, సంకోచమును జయించి, ఆమె తరగతికి వెళ్ళునప్పటికి తల్లిదండ్రులందరు తమ పిల్లలను మాన్పించి యుందురు. తరగతిలో మిగిలినవాడు ఆమె కన్నకొడుకు ఒక్కడే. తల్లియే టీచరైన ఆ గదిలో ఇల్లు, బడి అను భేదము తొలగిపోయినది.

ఢిల్లీలో తీరని తగవు

హాస్యము అమెరికాది గాని సంగతి మనది. కేంద్ర మానవవనరుల మంత్రిత్వశాఖయు, జాతీయ ఎయిడ్సు నియంత్రణ సంస్థయు కలసి 2005లో కౌమార విద్యా కార్యక్రమమును ప్రవేశపెట్టినవి. అప్పటికి ఎయిడ్సు వ్యాధి దేశములో హెచ్చుగా వ్యాపించిన ఆరు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కావున ఈ చదువు తెలుగువారికి వేడుక కాదు, అవసరము. కాని ఉపాధ్యాయుల కొరకు తయారు చేసిన పుస్తకములలోని బొమ్మలు, మాటలు పెద్ద అలజడి రేపినవి. ఇది భారతీయ సంస్కృతికి విరుద్ధమని వాదము బయలుదేరినది. 2007లో మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక, గుజరాత్ మొదలగు రాష్ట్రములు ఆ కార్యక్రమమును నిలిపివేసినవి.

వివాదము పార్లమెంటునకు ప్రాకినది. దీనిపై వచ్చిన అర్జీని విచారించినది రాజ్యసభ అర్జీల సంఘము. దాని అధ్యక్షుడు నెల్లూరు జిల్లాకు చెందిన ముప్పవరపు వెంకయ్యనాయుడు. ఆయన తరువాత 2017 నుండి 2022 వరకు ఉపరాష్ట్రపతి పదవి నిర్వహించినారు. బడులలో లైంగిక విద్య తగదనియు, వివాహమునకు పూర్వము సంయమము, నీతి బోధింపవలెననియు, వ్యాధులను గూర్చిన విషయములను ఇంటర్మీడియేటు స్థాయి జీవశాస్త్రములో చేర్చవచ్చుననియు ఆ సంఘము 2009లో నివేదించినది. అదే సంవత్సరమున యునెస్కో ఈ విద్యపై అంతర్జాతీయ మార్గదర్శకములను ప్రకటించినది; 2018లో సవరించినది. ఈ చదువు పిల్లలను తొందరపడి తప్పుదారి పట్టించునన్న భయమునకు పరిశోధనలలో ఆధారము కనబడలేదనియు, కేవలము సంయమమునే బోధించు పద్ధతి ఆశించిన ఫలము నీయలేదనియు దాని సారాంశము.

న్యాయస్థానము కూడ ఇటీవల ఈ విషయమున నోరు విప్పినది. సమగ్రమైన లైంగిక విద్య ఆవశ్యకతను సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో ఒక తీర్పులో నొక్కి చెప్పినది. ఈ విద్య తొమ్మిదవ తరగతి నుండి గాక అంతకు ముందే, చిన్న వయస్సు నుండియే అందవలెనని 2025 అక్టోబరులో మరియొక కేసులో అభిప్రాయపడినది. ఎప్పుడు, ఎట్లు అనునది అధికారులు ఆలోచింపవలెనన్నది. ఇరువది సంవత్సరములు గడచినను ప్రశ్న మరల మొదటికే వచ్చినది: చెప్పవలసినవారు ఎవరు?

గోదావరి ఒడ్డున

ఈ ప్రశ్నకు సౌత్ పార్క్ వంటవాడిచ్చిన సమాధానము వినుటకు ఇంపుగా నున్నది. పార్లమెంటు సంఘము ఎదుట వాదించిన అనేకుల మాటయు దానికి దూరము కాదు. ఇంటివారే చెప్పవలెను. మంచిదే. కాని ఆ సమాధానమును ఖమ్మము దాటి, పాల్వంచ దాటి, భద్రాచలము అడవుల అంచునకు తీసికొనిపోయి చూడవలెను. అక్కడ అది నిలుచునా?

ఆ ప్రాంతపు పాలనా సరిహద్దులు పలుమార్లు మారినవి. భద్రాచలము తాలూకా 1959లో తూర్పుగోదావరి జిల్లా నుండి ఖమ్మము జిల్లాకు వచ్చినది. 2014లో చింతూరు, కూనవరము, వర రామచంద్రపురము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. 2016లో భద్రాచలము క్రొత్తగా ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనికి వచ్చినది. జిల్లాలు మారినను అడవిలోని కోయ, కొండరెడ్డి పిల్లలకు చదువు చెప్పు పద్ధతి మాత్రము పెద్దగా మారలేదు. గూడెములు చిన్నవి, దూరదూరముగా నుండునవి. కావున గిరిజన సంక్షేమ శాఖ ఆశ్రమ పాఠశాలలను నెలకొల్పి, పిల్లలకు అక్కడనే తిండి, బట్ట, పడక ఏర్పరచినది. సాధారణముగ మూడవ తరగతిలో చేరిన బిడ్డ పదవ తరగతి ముగియువరకు అక్కడనే పెరుగును. దసరాకు, సంక్రాంతికి, వేసవికి ఇంటికి పోవును. ఆడపిల్లల కొరకు 2004లో ఆరంభమైన కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయముల తీరును ఇట్టిదే.

ఎనిమిది సంవత్సరముల వయస్సున ఇల్లు విడిచిన బిడ్డకు పదునైదు వచ్చునప్పటికి జరుగవలసిన మార్పులన్నియు ఆ వసతిగృహపు గోడల నడుమనే జరుగును. కంఠము మారునది అక్కడ. తొలిసారి బట్టపై మరక చూచి, తనకేదో గాయమైనదని భయపడి, దుప్పటి క్రింద దాచుకొను బాలిక ఉన్నది అక్కడ. ఆ రాత్రి ఆమె తల్లి ఎన్ని మైళ్ళ అవతల నున్నదో! "ఇంటివారే చెప్పవలెను" అను వాదము ఆ పడక ప్రక్కకు చేరలేదు. ఆ బిడ్డకు వార్డెనమ్మయే తల్లి, హెడ్మాష్టరే తండ్రి. వారు కూడ మౌనము వహించినచో ఆ బిడ్డకు ఇల్లును లేదు, బడియు లేదు.

ఇందు మరియొక నష్టము కూడ దాగియున్నది. అడవి సమాజములు ఈ విషయమును ఎన్నడును చెప్పక విడిచినవి కావు. కోయగూడెములో ఆడపిల్ల వ్యక్తురాలైనచో కొన్ని దినములు వేరుగా నుంచుదురు. వయసు మళ్ళిన స్త్రీలు దగ్గరుండి కనిపెట్టుదురు. అందు అంటు అను నిర్బంధము లేకపోలేదు, కాని పెద్దల సన్నిధి కూడ కలదు. ఎగువన బస్తరు అడవులలో మురియా గోండులకు ఘోటుల్ అను యువజన గృహము ఉండెడిది. అక్కడ పెద్ద పిల్లలు చిన్నవారికి పని, పాట, నడవడి నేర్పెడివారు. దానిని గూర్చి వెరియర్ ఎల్విన్ వ్రాసిన బృహద్గ్రంథము 1947లో వెలువడినది. ఆ ఆచారములను తెచ్చి బడిలో నిలుపవలెనని ఎవరును కోరరు. కాని బిడ్డను ఆ పెద్దల నడుమ నుండి చదువు కొరకు తెచ్చినవారు, ఆ పెద్దలు చేయుచుండిన పనిని కూడ నెత్తిన వేసికొనవలసినవారే. ఒక గురువును తొలగించి మరియొక గురువును ఇయ్యకుండుట ధర్మము కాదు.

దీనికి తోడు భాష. 2011 జనాభా లెక్కల ప్రకారము కోయ భాష మాటలాడువారు సుమారు 4 లక్షలు. 2005లో సల్వాజుడుం మొదలైన పిమ్మట బస్తరు నుండి వేలకొలది గొత్తికోయలు ఖమ్మము, వరంగల్లు అడవులకు వలస వచ్చినారు. వారి పిల్లలకు తెలుగు నేర్చుకొన్న భాషయే గాని తల్లిభాష కాదు. ప్రత్యుత్పత్తి, అండోత్సర్గము, ఋతుచక్రము అను సంస్కృత పదములు తెలుగు బాలునకే కొరుకుడు పడవు. కోయ బాలుని గతి చెప్పనేల? 1940ల దశకములో హైమన్‌డార్ఫ్ ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు పిల్లలకు గోండి భాషలోనే వాచకములు వ్రాయించినాడు. లెక్కకు, అక్షరమునకు తల్లిభాష అవసరమైనప్పుడు, తన శరీరమును గూర్చిన మాటకు అవసరము కాదా?

పేరు లేని నేరము

మైదానపు తెలుగువారు దీనిని విని, అడవిబిడ్డల కష్టమని జాలిపడి ఊరకుండవలసిన పని లేదు. తెలుగు పల్లెలో పిల్ల పెద్దమనిషి అయిన దినమున చుట్టములకు కబురు పోవును. పేరంటము పిలుతురు, చిమ్మిలి దంచుదురు, పట్టుబట్ట కట్టుదురు. పట్టణములలో శామియానా వేసి, పిల్ల ఫోటోతో ఫ్లెక్సీ కట్టు వేడుక కూడ వచ్చినది. ఆ సంఘటనకు తెలుగులో ఎన్ని పేర్లో: సమర్తాడుట, ఈడేరుట, వ్యక్తురాలగుట, పుష్పవతి యగుట. ఇన్ని పేర్లు తెలిసిన ఊరిలో, అది ఎందువలన జరిగినదో ఆ పిల్లకు చెప్పువారు మాత్రము అరుదు. మగపిల్లవానికి పేరంటమును లేదు, పేరును లేదు. వాని సందేహములకు చేతిలోని సెల్‌ఫోనే ఆచార్యుడు.

వంటవాడు చెప్పిన మూడు భయములు ఇక్కడ గుర్తుకు రావలెను. తెలియనివాడు, ఏవగించుకొనువాడు, దుర్బుద్ధి గలవాడు: ఈ ముగ్గురు బడిలోనే యుందురా? ఇంటిలోను, వీధిలోను, సెల్‌ఫోనులోను వీరే కదా! బడిలో చెప్పువాడెవడో తెలియదను అనుమానము న్యాయమైనదే. తల్లిదండ్రుల భయమును మూర్ఖత్వమని కొట్టివేయరాదు. రక్షింపవలసినవారే భక్షకులైన ఉదంతములు బడులలోను, వసతిగృహములలోను జరిగినవి. కాని ఆ భయము నుండి పుట్టవలసినది మౌనము కాదు. చెడ్డవానికి కావలసినది కూడ ఆ మౌనమే. ఏ స్పర్శ తగినది, ఏది తగనిది, ఎవరు "ఎవరికిని చెప్పవద్దు" అన్నచో వెంటనే చెప్పవలెను అను సంగతి తెలియని బిడ్డ తనకు జరిగినది నేరమని గుర్తింపలేదు. గుర్తించినను దానికి పేరు పెట్టలేదు.

2012 నవంబరు 14 నుండి అమలులోనున్న పోక్సో చట్టము పదునెనిమిదేండ్లలోపు బిడ్డలందరికి రక్షణ కల్పించుచున్నది. అట్టి నేరము జరిగినదని తెలిసిన ఎవరైనను పోలీసులకు తెలుపవలెననియు, తెలుపకుండుట శిక్షార్హమనియు ఆ చట్టము విధించినది. ఉపాధ్యాయుడును, వార్డెనును ఇందుకు కట్టుబడినవారే. కాని వారికి తెలియుట ఎట్లు? బిడ్డ చెప్పవలెను. బిడ్డ చెప్పుటకు మాట కావలెను. ఆ మాటను పాఠముతో పాటు పుట త్రిప్పివేసినచో చట్టము అలమారలోనే యుండును. పిల్లల సహాయమునకు 1098 అను టెలిఫోను నంబరు గోడపై వ్రాయుట మంచిదే. ఏమని చెప్పవలెనో తెలిసిన బిడ్డకే ఆ నంబరు పనికి వచ్చును.

చేయదగినది

బడి చేయవలసినది బ్రహ్మాండమైన కార్యము కాదు. వయస్సునకు తగినంత, దశలవారీగ చెప్పుట చాలును. మూడవ తరగతి బిడ్డకు శరీరభాగముల పేర్లు, తన శరీరము తనదను జ్ఞానము, తగని స్పర్శను త్రోసిపుచ్చు ధైర్యము కావలెను. ఆరు, ఏడు తరగతులలో, మార్పులు రాకమునుపే, రాబోవు మార్పులు తెలియవలెను. మరక కనబడిన పిమ్మట చెప్పిన పాఠము ఆలస్యమైన పాఠము. పై తరగతులలో గర్భధారణ, వ్యాధులు, వివాహపు వయస్సు, పరస్పర గౌరవము వచ్చును. బాల్యవివాహ నిషేధ చట్టము 2006లో వచ్చినదని చెప్పుటతోపాటు, పసితనపు గర్భము తల్లికి, బిడ్డకు ఏల ప్రమాదమో చెప్పినగాని ఆ చట్టము పిల్లల మనస్సునకు ఎక్కదు.

పద్ధతులు కూడ కష్టమైనవి కావు. తరగతి మూల ఒక పెట్టె నుంచి, పేరు వ్రాయని చీటీలలో ప్రశ్నలు వేయుమన్నచో, నోరు విప్పలేని పిల్లల సందేహములు బయటికి వచ్చును. ఆడపిల్లలకు ఉపాధ్యాయిని, మగపిల్లలకు ఉపాధ్యాయుడు మొదట విడిగా చెప్పి, పిదప కొన్ని విషయములు కలిపి చెప్పవచ్చును. విడిగానే చెప్పి విడిచినచో సౌత్ పార్క్ బడిలోవలె ఒకరినొకరు చూచి బెదరుదురు. ఆశ్రమ పాఠశాలకు గూడెము నుండి పెద్ద ముత్తవ్వను పిలిపించి, నర్సమ్మ ప్రక్కన కూర్చుండబెట్టినచో, పిల్లలకు తల్లిభాషయు దొరకును, శాస్త్రమును దొరకును. ఏమి చెప్పబోవుచున్నారో తల్లిదండ్రులకు ముందుగనే చూపినచో, చాటున జరుగుచున్నదను అనుమానము సగము తగ్గును.

ఈ పనికి ముందుగ కావలసినది పెగ్గీ హిల్ చేసిన అభ్యాసమే. ఆమె అద్దము ముందో, ఏకాంతములోనో ఆ మాటలను పలుకుట నేర్చుకొనవలసి వచ్చినది. మన ఉపాధ్యాయులలో పెక్కుమందికి వారి గురువులు ఈ పాఠము చెప్పలేదు. వారి తల్లిదండ్రులును చెప్పలేదు. చెప్పించుకొనని దానిని చెప్పుట కష్టము. అందువలన శిక్షణ కళాశాలలలోనే ఈ అభ్యాసము మొదలు కావలెను. విద్యార్థులు కూడ ఒక సంగతి గ్రహింపవలెను: ఆ పాఠము వచ్చినపుడు వెనుక బెంచీ నుండి వచ్చు ఇకిలింపు ఉపాధ్యాయుని నోరు మూయించుటకు ప్రభుత్వ నిషేధము కంటె బలమైనది.

ఇల్లు చెప్పవలెనా, బడి చెప్పవలెనా అను ప్రశ్న రెండును దగ్గర నున్నవారికి చెల్లును. ఇంటికి ఆమడ దూరమున, బడిలోనే నిద్రించు బిడ్డకు అట్టి ఎంపిక లేదు. విద్యాసంవత్సరము మొదలైనది మొదలు ఆమె ప్రతి రాత్రియు అక్కడనే యుండును. కౌమారదశ పాఠము పాఠ్యపుస్తకములో ఏ పుటలో నున్నదో ఉపాధ్యాయునకు తెలియును. ఈ సంవత్సరము ఆ పుటను త్రిప్పక నిలిపినచో చాలును.